కారు అద్దం మీద ఉప్పునీటి మరక: ఎవరి వాదం ఎంతవరకు?

నిమ్మచెక్క రుద్దితే పోతుందని ఇంట్లోవాళ్ళు అంటారు. బాత్‌రూం క్లీనర్ నీళ్ళలో కలిపి ఒక్క తుడుపు తుడిస్తే చాలని డ్రైవర్లు అంటారు. పాలిషు పెట్టాల్సిందేనని వాటర్ వాష్ షెడ్డువాళ్ళు, అద్దం మార్చడం తప్ప దారి లేదని గ్లాసు షాపువాళ్ళు చెబుతారు. ప్రతి ఒక్కరి దగ్గరా రుజువు ఉంటుంది. ఫలానా బండికి ఇలాగే చేశాం, అద్దం తళతళలాడింది అంటారు. ఆ మాట నిజమే. అదే పద్ధతి పక్క బండి మీద పారకపోవడమూ నిజమే.

ఇంత గందరగోళానికి మూలం ఒకటే. మూడు వేరువేరు రోగాలను మనం ‘నీటి మరక’ అని ఒకే పేరుతో పిలుస్తున్నాం. అద్దం మీద సున్నం పేరుకోవడం ఒకటి. సిలికా గట్టిగా అతుక్కోవడం రెండోది. గాజే తినుకుపోవడం మూడోది. కంటికి మూడూ ఒకేలా, తెల్లటి ఉంగరంలా కనిపిస్తాయి. మందులు మాత్రం వేరు. ఒక్కో పక్షం తనకు తెలిసిన రోగానికి సరైన మందే ఇస్తోంది, కాకపోతే మిగతా రెండింటికీ అదే మందు అంటోంది. ఈ వాదాలన్నిటినీ ఒకచోట పెట్టి, ఏది ఎంతవరకు నిలుస్తుందో చూడటం ఈ వ్యాసం పని.

నల్లరేగడి నీళ్ళు

ఈ వాదాలను పరీక్షించడానికి దక్షిణ తమిళనాడులోని ఒక సీమను తీసుకుందాం: కోవిల్‌పట్టి, సాత్తూరు, విరుదునగర్, తూర్పున విళాత్తికుళం తాలూకాలోని నాగలాపురం. తమిళంలో కరిసల్ సీమ అనే ఈ నల్లరేగడి నేలల్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఇడైసేవల్ రచయిత కి. రాజనారాయణన్ ‘గోపల్ల గ్రామం’ నవలలో రాసింది ఇక్కడికి వలస వచ్చిన తెలుగువాళ్ళ కథే. వానకు ఈశాన్య రుతుపవనాలే దిక్కు. వైప్పారు నది ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే. కోవిల్‌పట్టికి తాగునీరు తామ్రపర్ణి నుంచి, సీవలప్పేరి దగ్గర తోడి, పైపుల్లో రావాలి. పడమటి కనుమల్లో పుట్టిన ఆ నది నీళ్ళు మెత్తనివి. అవి తాగడానికీ వంటకూ పోతాయి. బట్టలకు, పాత్రలకు, బండికి మిగిలేది బోరు నీళ్ళు.

రేగడి మట్టిని తవ్వితే తెల్లటి సున్నపు ముద్దలు బయటపడతాయి. ఈ ప్రాంతంలో సున్నపురాయికి కొదవ లేదు. విరుదునగర్ పక్కన రామసామి రాజా నగర్‌లో, ఆలంగుళంలో సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది దానివల్లే. ఆ నేలలో ఇంకిన నీరు సున్నాన్ని, మెగ్నీషియాన్ని వెంట తెచ్చుకుంటుంది. తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీరు దొరకని చోట 600 వరకు ఒప్పుకుంటారు. మొత్తం కరిగిన లవణాలకు ఈ హద్దులు 500, 2000. ఆ పై హద్దు దగ్గరున్న నీళ్ళు 15 లీటర్ల బకెట్టు తీసుకుంటే అందులో 30 గ్రాముల లవణాలు ఉన్నట్టు. బండి కడిగినప్పుడు చాలా భాగం కిందికి కారిపోతుంది. కారకుండా చుక్కలుగా నిలిచినదంతా అద్దం మీదే ఆరుతుంది.

ఒక అపోహను ఇక్కడే పక్కన పెట్టాలి. తూత్తుకుడి ఉప్పుమళ్ళ వైపు తిరిగే బండ్లకు సముద్రపు గాలివల్లే ఈ మరకలు పడతాయని చాలామంది నమ్మకం. సముద్రపు ఉప్పు ఇనుముకు శత్రువే గాని, అద్దానికి పెద్ద బెడద కాదు. అది మంచినీళ్ళు పోస్తే కరిగిపోతుంది. కడిగినా పోని మరక కడిగిన నీళ్ళ నుంచే వచ్చిందని అనుమానించాలి.

చుక్క ఆరేటప్పుడు

బోరు నీటిలో సున్నం ఎక్కువగా బైకార్బనేటు రూపంలో కరిగి ఉంటుంది. నీరు ఆవిరవుతూ కార్బన్ డయాక్సైడు బయటికి పోగానే అది కరగని కార్బనేటుగా, అంటే సున్నపురాయిగా మారి అద్దం మీద మిగులుతుంది. గీజరు కాయిల్ మీద, కాచిన నీళ్ళ బిందె అడుగున పట్టే తెల్లటి పొర ఇదే. దీనికి తోడు జిప్సం ఉంటుంది. నేలనీటిలో లీటరుకు పదుల మిల్లీగ్రాముల్లో ఉండే సిలికా కూడా చేరుతుంది.

మరక నడుమ పలచగా, అంచున చిక్కగా ఉంగరంలా ఎందుకుంటుంది? 1997లో షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ డీగన్ బృందం ‘నేచర్’ పత్రికలో దీనికి వివరణ ఇచ్చింది. చుక్క అంచు ఉపరితలానికి అంటుకుని కదలదు. అంచు దగ్గర ఆవిరి ఎక్కువ. ఆ లోటు పూడ్చడానికి మధ్యలోని నీరు అంచుకు పారుతూ అందులో ఉన్నదాన్నంతా అక్కడికి మోసుకుపోతుంది. వాళ్ళు గమనించింది కాఫీ మరకలను. కారు అద్దం మీద జరిగేదీ అదే.

ఇంతవరకు పైన పేరుకునే సంగతి. గాజు తినుకుపోవడం వేరే కథ. కారు గాజులో 70 శాతానికి పైగా సిలికా, 13 శాతం చుట్టుపక్కల సోడియం ఆక్సైడు, కొంత సున్నం ఉంటాయి. నిలిచిన నీరు ముందుగా గాజులోని సోడియాన్ని లాక్కుంటుంది. పారే నీటిలో ఆ సోడియం కొట్టుకుపోతుంది. కదలని చుక్కలో మాత్రం పోగుపడి చుక్కను క్షారంగా మారుస్తుంది. పీహెచ్ 9 దాటితే సిలికా అల్లికే కరగడం మొదలవుతుంది. సోడియం బైకార్బనేటు ఎక్కువున్న బోరు నీళ్ళు ఆరేకొద్దీ వాటంతటవే ఆ హద్దు దాటుతాయి. దానికి ఎండలో కాలిన గాజు తోడైతే పని ఇంకా త్వరగా అవుతుంది. గాజు ఫ్యాక్టరీలకు ఇది పాత సంగతే. పేర్చిన గాజు పలకల మధ్య తేమ చేరితే ఇలాగే మచ్చలు పడతాయి. అందుకే వాళ్ళు పలకల నడుమ కాగితమో, కొంచెం ఆమ్ల గుణమున్న పొడో వేస్తారు. పలకల మధ్య చిక్కిన తేమ పొర, అద్దం మీద నిలిచిన చుక్క రెండూ ఒకే రసాయన చర్యకు రెండు వేదికలు.

నీటిచుక్క భూతద్దంలా పనిచేసి ఎండను ఒకచోట చేర్చి గాజును కాలుస్తుందనే మాట కూడా వినిపిస్తుంది. 2010లో హంగేరీకి చెందిన గాబొర్ హొర్వాత్ బృందం ఆకుల మీద నీటిచుక్కలతో ఈ నమ్మకాన్ని పరీక్షించి, నున్నటి ఆకు మీద చుక్క కాల్చలేదని చూపింది. ఆకునే కాల్చలేని చుక్క గాజును కాలుస్తుందనడం నిలబడదు.

పాత వాదాలు

ఈ చర్చ కార్లతో పుట్టలేదు. నీటి కాఠిన్యాన్ని సబ్బు నురగతో కొలిచే పద్ధతిని స్కాట్లండ్ రసాయనవేత్త థామస్ క్లార్క్ 1841లో తెచ్చాడు. అప్పటి దిగులు బట్టల మిల్లులదీ ఆవిరి బాయిలర్లదీ. బాయిలర్లలో పట్టే సున్నపు పొరను ఆమ్లంతో కరిగించడం అక్కడి నుంచి వచ్చిన విద్య. మెరుగు పెట్టే విద్య కళ్ళజోళ్ళు, దూరదర్శినుల గాజు పనివాళ్ళది. గాజుకు మెరుగు ఎలా వస్తుందన్న దాని మీద శతాబ్దాల వాదం ఉంది. సన్నటి గీతలు గీయడమే మెరుగు పెట్టడమని న్యూటన్ నుంచి రేలీ వరకు ఒక వరుస చెప్పింది. పై పొర కరిగి పారినట్టు సర్దుకుంటుందని జార్జ్ బీల్బీ అన్నాడు. అది రసాయన చర్య అని మరికొందరు. 1990లో లీ కుక్ రాసిన వ్యాసం తర్వాత మొగ్గు రసాయన వాదం వైపుకు వెళ్ళింది.

ఆ రెండు విద్యలూ వచ్చి కారు అద్దం మీద కలుసుకున్నాయి. ఒకరిది కరిగించే దారి, మరొకరిది అరగదీసే దారి. ఇవాళ షెడ్డుల్లో నడిచే తగాదా మొత్తం దాదాపు ఇదే.

పులుపు పక్షం

సున్నపు మరకకు పులుపు విరుగుడు అన్నది కొత్త సంగతి కాదు. చింతపండుతో ఇత్తడి బిందె తోమిన ప్రతి ఇంటికీ తెలుసు. వెనిగర్‌లోని అసిటిక్ ఆమ్లం గాని, నిమ్మ ఉప్పు అనే సిట్రిక్ ఆమ్లం గాని సున్నపు కార్బనేటును కరిగిస్తాయి, బుడగలు వస్తాయి. గాజుకు హాని లేదు. ఈ పక్షం బలం అక్కడే ఉంది. కొత్త మరకల్లో ఎక్కువ భాగం కార్బనేటే. వాటికి ఇంతకు మించిన మందు అక్కర్లేదు.

అయితే ఈ పక్షంవాళ్ళు తరచూ మందును సరిగా వాడరు. ఒక తుడుపుతో కార్బనేటు కరగదు. కాగితపు నాప్కిన్నో పాత నూలు గుడ్డో వెనిగర్‌లో తడిపి, నీడలో, చల్లటి అద్దానికి పది పదిహేను నిమిషాలు అతికించి ఉంచాలి. ఎండలో పెడితే అది ఆరిపోయి పని ఆగిపోతుంది. నిమ్మ ఉప్పుతో ఇంకో చిక్కు ఉంది. కాల్షియం సిట్రేటు నీటిలో అంతగా కరగదు. ఎక్కువసేపు ఉంచి, కడగకుండా వదిలేస్తే పాత మరక పోయి కొత్త తెల్లపొర మిగులుతుంది. అసిటేటుకు ఆ బాధ లేదు. వంటసోడా, వెనిగర్ కలిపితే బుసబుస పొంగుతుంది గనుక బలంగా పనిచేస్తుందని వాడే వాళ్ళూ ఉన్నారు. ఆమ్లాన్ని క్షారం తినేస్తుంది. మిగిలేది సోడియం అసిటేటు కలిసిన నీళ్ళు. పొంగు చూడ్డానికి బాగుంటుంది, అంతే.

బాత్‌రూం క్లీనర్ వాడకం మీదే అసలు గొడవ. అందులో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది, చాలా బ్రాండ్లలో పది శాతం దాకా. ‘గాజుకు ఏమీ కాదు’ అని డ్రైవర్లు చెప్పేది నిజమే. హైడ్రోక్లోరిక్ ఆమ్లం గాజును తినదు. కానీ కారు అద్దం ఒంటరిగా లేదు. దాని చుట్టూ రబ్బరు, వైపరు చేతులు, క్రోమియం పట్టీలు, కింద బానెట్టు రేకు, పెయింటు ఉన్నాయి. కారిన చుక్క వాటి మీదే పడుతుంది. ఆ ఆమ్లపు పొగకు ఇనుము తుప్పు పడుతుంది. మరకకు నిమిషంలో పని చేసే ఈ ఆమ్లాన్ని కారు మీద వాడకూడదనడానికి కారణం గాజు కాదు, ఆ చుట్టుపక్కల సరంజామా. బ్లీచింగ్ నీళ్ళు తగిలిన గుడ్డతో దీన్ని తుడిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. అది ఊపిరితిత్తులకు ప్రమాదం.

బ్యాటరీ ఆమ్లం సంగతి ఇంకా అన్యాయం. సల్ఫ్యూరిక్ ఆమ్లం సున్నం మీద పడితే జిప్సం తయారవుతుంది. అది నీటిలో అంతంతమాత్రంగానే కరుగుతుంది. సున్నాన్ని కరిగించబోయి దాని మీద ఇంకో పొర వేసినట్టవుతుంది. మెకానిక్ షెడ్డులో చేతికందుతుంది గనుక వాడటం తప్ప ఆ సలహాకు వేరే బలం లేదు.

ఇక మార్కెట్లో దొరికే నీలిరంగు గ్లాసు క్లీనర్లు. వాటిలో చాలావరకు అమ్మోనియానో, కొంచెం ఆల్కహాలో, సబ్బు గుణమో ఉంటాయి. జిడ్డుకు భేషుగ్గా పనిచేస్తాయి. సున్నానికి పనికిరావు. బట్టల సబ్బు పొడి అంతకంటే చెడ్డది. అది క్షారం, పైగా గట్టి నీళ్ళలో సబ్బు విరిగి సున్నపు జిడ్డుగా అద్దానికి పడుతుంది.

పులుపు పక్షం ఓడేది రెండుచోట్ల. సిలికా మామూలు ఆమ్లాలకు కరగదు. తినుకుపోయిన గాజు మీద కరిగించడానికి ఏమీ లేదు.

రాపిడి పక్షం

ఇక్కడ తూకం వేయాల్సింది గట్టిదనాన్ని. జర్మనీ ఖనిజ శాస్త్రవేత్త ఫ్రెడ్రిక్ మోస్ 1812లో తెచ్చిన కొలతలో సున్నపురాయి 3, గాజు సుమారు 5.5, ఇసుకలోని క్వార్ట్జ్ 7. అంటే సున్నాన్ని గీకగలిగినా గాజును గీయని పదార్థం దొరుకుతుంది. గాజుకంటే గట్టిదాన్ని పట్టుకుంటే మరకతోపాటు గాజూ పోతుంది. దుమ్ములో క్వార్ట్జ్ రేణువులు ఉంటాయి. పొడిగుడ్డతో, న్యూస్‌పేపరుతో ఎండు అద్దాన్ని రుద్దేవాళ్ళు నిజానికి ఇసుకతో రుద్దుతున్నారు.

టూత్‌పేస్టు ఈ పక్షంలో అందరికీ ఇష్టమైన మందు. అందులో సున్నపు పొడో, మెత్తటి సిలికానో ఉంటుంది. సున్నం ఉన్న పేస్టుతో సున్నపు మరకను రుద్దితే గంటలు పడుతుంది. పోయేది ఎక్కువగా పేస్టులోని సబ్బు గుణంవల్ల వదిలే జిడ్డే. విభూతి, కట్టెల బూడిద కూడా మెరుగు మందులే. దీపపు చిమ్నీలకు వాడినవాళ్ళు ఇంకా ఉన్నారు. పిడకల బూడిదలో సిలికా ఉంటుంది, రేణువులు అన్నీ ఒక మోతాదులో ఉండవు. పలచటి చిమ్నీకి సరిపోయినది రాత్రి ఎదురు లైట్లలో చూడాల్సిన విండ్‌షీల్డ్‌కు సరిపోదు.

బ్లేడు పద్ధతిని గ్లాసు పనివాళ్ళు వాడతారు. కొత్త బ్లేడు, బాగా తడిసిన అద్దం, ఒకే దిశలో తోయడం. చేయి తిరిగినవాళ్ళకు బాగా పనిచేస్తుంది. వెనుక అద్దం లోపలివైపు మాత్రం బ్లేడు పెట్టకూడదు. అక్కడ మంచు కరిగించే వేడి తీగలు అతికించి ఉంటాయి, ఒక్క గీతతో తెగిపోతాయి.

ఈ పక్షానికి అసలైన బలం సీరియం ఆక్సైడు. దాని గట్టిదనం గాజుకు దగ్గరగానే ఉంటుంది. అయినా గాజుకు మెరుగు పెట్టడంలో దానికి సాటి లేదు. అరగదీయడంతోపాటు అది గాజు పై పొరతో రసాయనంగా కలిసి సిలికాను ఊడదీస్తుందన్నది ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. ఒకప్పుడు గాజు కర్మాగారాల్లో ఎర్రటి ఐరన్ ఆక్సైడు పొడి వాడేవారు. ఇరవయ్యో శతాబ్దం మధ్యకల్లా సీరియం ఆ చోటు తీసుకుంది. ఆ ఖనిజం మనకు దూరమేమీ కాదు. కన్యాకుమారి జిల్లా మణవాళక్కురిచ్చి తీరపు ఇసుకలోని మోనజైటులో సీరియం ఉంది. భీమునిపట్నం తీరంలోనూ మోనజైటు ఉంది. అయినా 2010-11లో చైనా ఎగుమతులు బిగించినప్పుడు సీరియం ధర ప్రపంచమంతటా ఆకాశానికి ఎక్కింది. ఆ దెబ్బతో పాలిషు పేరిట వేరే పొడులు కూడా మార్కెట్లోకి వచ్చాయి. అల్యూమినియం ఆక్సైడు అలాంటిదే. మోస్ కొలతలో అది 9. పెయింటుకు వాడే కాంపౌండు తెచ్చి గాజు మీద తిప్పే షెడ్డుల్లో అద్దం మెరిసినట్టే కనిపించి, సూర్యుడు ఎదురైనప్పుడు చక్రాల గీతలు చూపిస్తుంది.

సీరియం పనికీ హద్దుంది. తడి ఆరకూడదు, వేడెక్కకూడదు. విండ్‌షీల్డ్ రెండు గాజు పొరల మధ్య ప్లాస్టిక్ పొర ఉన్న అద్దం. ఒకేచోట వేడెక్కితే పగులు పారుతుంది. లోతైన మరక పోవాలని ఒకేచోట తిప్పితే గాజు పల్లంగా మారి, ఎదుటి దృశ్యం అలలా కదులుతుంది. డ్రైవరు కళ్ళ ముందు చూపు వంకరయ్యేకంటే మరక నయం. కొత్త కార్లలో విండ్‌షీల్డ్ పైభాగాన అద్దం వెనుక కెమెరా ఉంటోంది. ఆ మేర అసలు పాలిషు పెట్టకూడదు.

ప్రమాదకరమైన అడ్డదారి

సిలికాను, గాజును కూడా కరిగించే ఆమ్లం ఒకటుంది, హైడ్రోఫ్లోరిక్. అది గాని, దాన్ని పుట్టించే అమ్మోనియం బైఫ్లోరైడు గాని కలిపిన మరక రిమూవర్లు ఉన్నాయి. పట్టిన క్షణంలో అద్దం తేటపడుతుంది. చర్మం మీద పడితే మొదట్లో నొప్పి కూడా తెలియకపోవచ్చు. ఫ్లోరైడు లోపలికి దిగి ఒంట్లో కాల్షియాన్ని పట్టేస్తుంది, గుండె లయ తప్పవచ్చు. దానికి విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ జెల్ వాడతారు. అది పక్కన లేని చోట ఈ సీసా మూత తీయకూడదు. గ్లౌజులు లేకుండా పనిచేసే షెడ్డు కుర్రాడి చేతికి ఈ సీసా ఇవ్వడం నేరంతో సమానం. ఈ పక్షానికి సమతూకం పాటించాల్సిన అవసరం నాకు కనిపించలేదు.

పూతల వాదం

మరక పడ్డాక వదిలించడంకంటే పడకుండా చూడాలనేది చివరి పక్షం. సిలికోన్ జాతి పూత వేస్తే నీళ్ళు ముత్యాల్లా జారిపోతాయి. బండి వేగంగా పోతుంటే గాలికి ఎగిరిపోతాయి. దీని మీద ఎవరికీ పేచీ లేదు. పేచీ ఆగి ఉన్న బండి గురించి. పూత మీద చుక్క విప్పారదు, బంతిలా నిలబడుతుంది. ఎండకు అదే చోట ఆరితే అందులోని లవణమంతా చిన్న వలయంలో చేరి మరక చిక్కనవుతుంది. అందుకే నీటిని పలచని పొరగా పరిచే పూతలు మేలని ఇంకొందరి వాదన. బోరు నీళ్ళతో రోజూ కడిగి వాకిట్లో ఎండకు వదిలే బండికి ముత్యాల పూత కీడు చేయవచ్చు. జాతీయ రహదారి 44 మీద మదురై–తిరునెల్వేలి తిరిగే టాక్సీకి అదే పూత మేలు. అమ్మేవాళ్ళు ఈ తేడా చెప్పరు.

నీళ్ళు మార్చడం ఈ పక్షంలోనిదే. ఇంట్లో పెట్టే సాఫ్ట్‌నర్ కాల్షియాన్ని తీసి దాని చోట సోడియం పెడుతుంది. లవణాల మొత్తం తగ్గదు. మరక పడుతుంది, కాకపోతే నీళ్ళతో పోతుంది. ఆర్ఓ వడపోత లవణాలను చాలావరకు తీసేస్తుంది. ఆర్ఓ మిషను బయటికి వదిలే నీళ్ళను వృథా చేయకుండా కారు కడగమనే సలహా నగరాల్లో బాగా తిరుగుతోంది. ఆ నీళ్ళలో లవణాలు ఇంకా చిక్కగా ఉంటాయి. నేల కడగడానికి సరే, అద్దానికి ఇంతకంటే చెడ్డ నీళ్ళు వెతికినా దొరకవు. ఏసీ నుంచి కారే నీళ్ళు గాలిలోని తేమ చల్లబడి వచ్చినవి, వాటిలో సున్నం ఉండదు. వాన నీళ్ళూ అంతే. తమిళనాడులో 2003 నుంచి ప్రతి భవనానికీ వాననీటి సేకరణ తప్పనిసరి. ఒక డ్రమ్ము పట్టి ఉంచుకున్న ఇంటికి ఆఖరి కడుగుకు నీళ్ళకు లోటు ఉండదు.

పక్కపక్కన పెట్టి చూస్తే

తేటపరచడంలో పులుపు నెమ్మది, అద్దానికి క్షేమం, పరిధి చిన్నది. హైడ్రోక్లోరిక్ వేగం, గాజుకు సరే, మిగతా బండికి చేటు. సీరియం పరిధి పెద్దది, పక్క అద్దాలకు తగినది, విండ్‌షీల్డ్ మీద చేయి తెలిసినవాళ్ళే పెట్టాలి. టూత్‌పేస్టు, బూడిద, పెయింటు కాంపౌండు ఈ వరుసలో చోటుకు అర్హమైనవి కావు. పూత మరకను తీయదు, బండి తిరుగుడును బట్టి మేలో కీడో చేస్తుంది.

ఏది వాడినా ఫలితం ఎలా చూస్తున్నామన్నదే అసలు పరీక్ష. అద్దం తడిగా ఉంటే మరకలు మాయమవుతాయి. సున్నమైనా, గాజు గుంటైనా నీళ్ళతో నిండితే వెలుతురు చెదరదు. షెడ్డులో తడి అద్దం చూపించి ‘పోయింది’ అంటే నమ్మకూడదు. నూనె కలిసిన పాలిషు కూడా గుంటలను నింపి ఇలాగే దాచేస్తుంది. సర్జికల్ స్పిరిట్‌తో తుడిచి, పూర్తిగా ఆరాక, ఎండ పక్కనుంచి పడేటట్టు నిలబడి చూడాలి. గోటికి గరుకు తగిలితే పైన పేరుకున్నదే. నున్నగా ఉండి కూడా కనిపిస్తే గాజు తినుకుపోయిందని బలమైన అనుమానం.

చట్టం ఇందులో సాయపడదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాల్లో 100వ నియమం ముందు, వెనుక అద్దాల గుండా కనీసం 70 శాతం, పక్క అద్దాల గుండా 50 శాతం వెలుతురు రావాలంటుంది. మరకల అద్దం ఆ పరీక్ష సులభంగా నెగ్గుతుంది. మరకవల్ల వెలుతురు తగ్గదు, చెదురుతుంది. రాత్రి ఎదురు లారీ లైటు వేలాది చుక్కలుగా పగిలేది అందుకే.

తేలనివి

నీటిచుక్క నిలిచిన ఎంతసేపటికి గాజు తినుకుపోతుంది? కొన్ని గంటలని కొందరు, నెలలని కొందరు. ప్రయోగశాలల్లో కిటికీ గాజు మీద, గిన్నెలు కడిగే మిషన్లలోని గ్లాసుల మీద పరిశోధనలు చాలానే ఉన్నాయి. వాటి నుంచి ఏప్రిల్ ఎండలో రేగడి బోరు నీళ్ళు పట్టిన కారుకు లెక్క కట్టడం దగ్గరే వాదం ఆగిపోతుంది. నీటి క్షారత, గాజు వేడి, చుక్క ఎంతసేపు నిలిచింది అన్న మూడూ మారుతుంటాయి. రెండు పక్షాలకూ రుజువులు దొరకడం అందుకే.

సీరియం మెరుగులో రసాయనం పాలెంత, రాపిడి పాలెంత అన్నది 1990 తర్వాత కూడా పూర్తిగా తెగలేదు. ముత్యాల పూతా, పరిచే పూతా అన్న తగవు వాతావరణాన్నిబట్టి తేలుతుందే తప్ప అందరికీ ఒకే జవాబు రాదు.

వీటన్నిటికంటే కష్టమైనది నీళ్ళ న్యాయం. కోవిల్‌పట్టిలో కుళాయి నీళ్ళు తాగడానికి వచ్చినవి, వాటితో కారు కడగడం ఎంతవరకు సబబు? దీని మీద రెండు అభిప్రాయాలు ఉండవచ్చు. బండంతా ఆ నీళ్ళతో కడగడం తప్పే. బోరు నీళ్ళతో కడిగి, ఆరకముందే మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి, చివర్లో అద్దాల మీద ఒకటి రెండు లీటర్ల మెత్తని నీళ్ళు స్ప్రే సీసాతో కొడితే సరిపోతుంది. తెల్లవారక ముందో, పొద్దు వాలాకో కడిగితే ఆ మాత్రం కూడా తగ్గుతుంది.

నా మట్టుకు మొగ్గు ఇది. ముందు వెనిగర్, ఓపికగా, ఒక్క అద్దం మీద. పోతే మిగతా అద్దాలకూ అదే. రెండు విడతల తర్వాత కూడా పోకపోతే పక్క అద్దాలకు సీరియం. విండ్‌షీల్డ్‌పై డ్రైవరు చూపు మేర సీరియం పని చేయించేముందు, పగిలినా చూపు వంకరయినా భరించేదెవరో షెడ్డులో ముందే తేల్చుకోవాలి. గాజు తినుకుపోయి రాత్రిపూట ఎదురు లైట్లకు రోడ్డు కనిపించని దశకు వస్తే మార్చడమే. ఆ ఖర్చు సొంతంగా పెట్టుకోవాల్సిందే. సమగ్ర మోటారు పాలసీలు అద్దం పగిలితే చెల్లిస్తాయి, వాడకంలో వచ్చిన అరుగుదలను మినహాయిస్తాయి.